ఆయన ముడి

పొద్దున్నించీ రేడియోలో అదే మోత.
అనిసేతు రమాల్యు పోయాడట.
మాజీ అధ్యక్షుడు, జాతి నిర్మాత, ఇంకా ఏవేవో.
అవన్నీ చదివే కుర్రాడికి
ఆయన దగ్గు ఎలా ఉండేదో తెలీదు.

నాకు తెలుసు.
ఈ కొండమీద, ఈ వలల వరుసలో,
నాకు రెండు మూరల దూరంలో నిలబడి దగ్గాడు.

మా ఏడు దీవులకీ వాన
చుట్టపుచూపుగానైనా రాని ఏళ్ళవి.
పరాయి ఓడల్లో పీపాలొచ్చేవి.
మనిషికి రోజుకు నాలుగు గ్లాసులు,
చీటీమీద ముద్ర కొట్టి పోసేవాళ్ళు.
బిడ్డకు ఒళ్ళు తుడిచిన నీళ్ళు మేకకి,
మేక వదిలినవి మిరపమొక్కకి.

అప్పుడన్నాడు సభలో,
జాలరి కొడుకు, కోటుకి గుండీ ఊడినవాడు:
“పొగమంచు రోజూ మన నెత్తిమీంచే పోతోంది.
సముద్రానికి పనికిరాని పాత వలలుంటే
కొండెక్కించి కట్టండి.”

ఎంత నవ్వుకున్నాం!
మబ్బుల్లో నీళ్ళు చూసి
ముంతలో నీళ్ళు ఒలకబోసుకునే రకమన్నాం.
ఆ మాట ఆయనదాకా పోయింది.
“ముంతలో ఏముందని, ఒలకడానికి?”
అన్నాడట. అంతే.

నవ్వినవాళ్ళలో మా ఫిర్మీను ఒకడు.
నవ్వి ఊరుకోలేదు, బొమ్మ గీసి అచ్చేశాడు:
వలలో మేఘం, మేఘంలో గిలగిల్లాడే అధ్యక్షుడు.
బొమ్మ బావుంది. చెవులు మరీ బావున్నాయి.
పదకొండు నెలలు ఉప్పుదీవి జైల్లో పెట్టారు.
తిరిగొచ్చాక మా ఆయన
పెన్సిల్ ముట్టలేదు. తలుపు చప్పుడైతే
తింటున్న చెంచా కింద పెట్టేసేవాడు.

ఇది రేడియోలో రాదు.

నేను మాత్రం వలలు కుట్టాను.
కూలి ఇస్తామన్నారు, కూలితో పాటు ఒక బిందె.
కోపం తాగితే దాహం తీరదు కదా.

ఆ ఆగస్టులో చూడ్డానికొచ్చాడు.
వెనకాల గొడుగు పట్టేవాడు, రాసుకునేవాడు, తుపాకీవాడు.
నా వల దగ్గర ఆగి, ముడి తడిమి,
“ఇది జారుతుంది, లెవుకాదియా” అన్నాడు.
నా పేరెలా తెలుసు? ఫిర్మీను పెళ్ళాన్నని తెలుసా?
అడగలేదు. నీళ్ళు నమిలాను,
నమలడానికి కూడా అవి కరువైన రోజుల్లో.

ఆయన ముడి విప్పాడు.
మా అమ్మ నేర్పిన ముడి, విప్పాడు!
చూపుడువేలు మీంచి దారం రెండుసార్లు తిప్పి,
పంటితో లాగి బిగించాడు.
“ఇది మా అమ్మది” అన్నాడు, దగ్గుతూ.
ఇంకేదో అంటాడనుకున్నాను.
పక్క వలకి నడిచిపోయాడు.

కొండ దిగాడో లేదో, దాన్ని ఊడదీద్దామని కూర్చున్నాను.
గోరు విరిగింది గాని ముడి రాలేదు.

తర్వాత ఎన్నికల్లో ఓడాడు.
నేనూ ఆయనకి వ్యతిరేకంగానే వేశాను.
వేసొచ్చి, సిరా వేలితోనే
ఆయన వలలు కుట్టుకున్నాను.
ఓడినవాడు గద్దె పట్టుకు వేలాడలేదు.
తన పెట్టె తనే మోసుకుని పడవెక్కాడు.
అదీ చెప్పాలి. చెప్పకపోతే
ఈ నీళ్ళు తాగిన నాలుక ఒప్పుకోదు.

ఇప్పుడు కింద వీధివీధికీ కుళాయి.
నా మనవరాలు ఇజౌరా పళ్ళు తోముకుంటూ
కట్టెయ్యకుండా అలాగే వదిలేస్తుంది.
తిట్టబోయి ఒక్కోసారి ఆగిపోతాను.
నీళ్ళు పారబోసే పిల్లని
ఈ కళ్ళతో చూస్తానని ఎవరనుకున్నారు?

రేవులో విగ్రహం పెడతారట, కంచుది.
చెవులు సరిగ్గా పోస్తారో లేదో.
ఫిర్మీను ఉంటే చెప్పేవాడు.

శవయాత్రకి బస్సులు వేశారు. నేను పోలేదు.
నిన్నటి గాలికి ఉత్తరం వైపు మూడో వల చిరిగింది.
దాని దగ్గర కూర్చున్నాను. మంచు దిగుతోంది.
క్షమించావా అంటే, లేదు.
వేళ్ళు ఆ సంగతి నన్నడగవు.
చూపుడువేలు మీంచి రెండు తిప్పులు,
ఈ వైపు మిగిలింది ఒక్క పన్నే,
దాంతోనే లాగి, బిగించి,

కింద డబ్బాలో టప్ మంది.
దారం అయిపోవచ్చింది.
ఇజౌరాకి చెప్పాలి, బస్సు దిగి వచ్చేటప్పుడు
ఒక ఉండ తెమ్మని.